గుడగుడ ఎక్కడిది?

బుజ్జీ, చిన్నా,

"తాతయ్యా, పై బాత్రూమ్‌లో నీళ్లు వదిలితే కింద జాలీలోంచి గుడగుడమంటోంది, లోపల ఎవరైనా ఉన్నారా?" అని మొన్న అడిగారు కదా. ఉన్నారు. కోట్లమంది ఉన్నారు. వాళ్ల సంగతి తర్వాత.

సెప్టిక్ ట్యాంకును ఇంటికి కడుపు అనుకోండి. అందులోకి పోయినదాంట్లో బరువైనది అడుక్కి దిగి మడ్డి అవుతుంది. నూనె, సబ్బు జిడ్డు పైకి తేలి తెట్టె కడతాయి. నడుమ తేరిన నీరు మాత్రమే అవతలి గొట్టంలోంచి ఇంకుడు గుంటకు పోయి నేలలో ఇంకుతుంది. కడుపన్నాక త్రేన్పు ఉండాలిగా? దానికే డాబా మీదికి ఒక గాలి గొట్టం పెడతారు. అందులో ఆకులో, పిట్ట గూడో అడ్డుపడితే గాలికి దారుండదు. అప్పుడు జారే నీళ్లు పక్క జాలీలోంచి గాలిని లాక్కుంటాయి. అదీ గుడగుడ.

గాలి గొట్టం శుభ్రంగా ఉన్నా చప్పుడు ఆగకపోతే అజీర్తే. ఒక్క జాలీ దగ్గరే నీరు నిలిస్తే అక్కడ జుట్టు చిక్కుకుందన్నమాట. ఇల్లంతటా నీరు నెమ్మదిగా పోతూ, అన్నిటికన్నా కింద ఉన్న జాలీలోంచి నీరు ఎగదన్నితే పెద్ద గొట్టమో, ట్యాంకో మూసుకుపోయినట్టు. వానల్లోనే ఇలా అయితే తప్పు ట్యాంకుది కాదు; నేల అప్పటికే కడుపునిండా తాగేసింది, మన నీళ్లను ఎక్కడికని పంపుతుంది? ఆ నాలుగు రోజులూ బట్టలన్నీ ఒకేసారి ఉతక్కండి, అంతే. నేల నానిపోయి ఉన్నప్పుడు ట్యాంకును పూర్తిగా తోడేయించడమూ ప్రమాదమే. ఖాళీ అయిన తేలికపాటి ట్యాంకు పడవలా పైకి లేవగలదు!

అయితే మన కడుపు రోజూ ఖాళీ అవుతుంది, ట్యాంకులోని మడ్డి దానంతటది పోదు. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి 3 నుంచి 5 ఏళ్లకోసారి తోడించాలి. మా నాన్న పొడవాటి కర్రకు తెల్లగుడ్డ చుట్టి, పై మూతలోంచి అడుగుదాకా దించి తీసేవారు. గుడ్డకు ఎంత ఎత్తున నల్లగా అంటిందో, అంత మడ్డి. నేను ముక్కు మూసుకుని, కళ్లు మాత్రం తెరిచి చూసేవాణ్ణి. మీరు మాత్రం ఆ మూత దగ్గరికి వెళ్లకండి. లోపలి విషవాయువు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియకుండా పోతుంది. పెద్దవాళ్లు కూడా లోపలికి దిగకూడదు.

ఇక ఆ కోట్లమంది. గాలీ వెలుగూ లేని చోట మడ్డిని తిని కరిగించే బ్యాక్టీరియా వాళ్లు. ఎక్కడినుంచి వచ్చారనుకున్నారు? చాలావరకు మన కడుపుల్లోంచే! కడుపుతో పోలిక ఊరికే చెప్పానా మరి? అందుకే తూము బాగుపడాలని యాసిడ్ గుమ్మరిస్తే పనివాళ్లనే చంపుకున్నట్టు. తడి తుడుపు కాగితాలను (వెట్ వైప్స్‌ను) వాళ్లు కూడా తినలేరు.

సెల్లార్ గుంటలో చేరిన నీటిని బయటికి తోడే పంపు కథ వేరు. నీరు పెరిగితే ఫ్లోట్, అంటే నీటిమీద తేలే బుడ్డి, లేస్తుంది, మోటారు తిరుగుతుంది. చిన్నప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది: ఆ ఫ్లోట్‌ను పైకెత్తి దారంతో గొట్టానికి కట్టేస్తే ఎప్పటికీ తిరుగుతుంది కదా! తిరిగింది. నీళ్లయిపోయాక కూడా తిరిగి తిరిగి మోటారు కాలిపోయింది. తర్వాతి వానకు సెల్లార్‌లో నా చెప్పులు తేలాయి. దారం సంగతి నాన్నకు చెప్పడానికి నాకు పదేళ్లు పట్టింది. మీరు ఏదైనా చేస్తే ఆ సాయంత్రమే చెప్పేయండి, నిద్ర బాగా పడుతుంది.

పంపు గుర్రుమంటూ తిరగకపోతే చక్రంలో రాయి పడి ఉండొచ్చు. తోడిన నీరే మళ్లీ గుంటలోకి దిగుతుంటే వెనక్కి రానివ్వని వాల్వు పాడైనట్టు. ఆ నీటిని సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం కలపొద్దని మీ నాన్నకు చెప్పండి. దాని కడుపు దానికే చాలడం లేదు.

ఈ ఆదివారం నాన్నను తోడు తీసుకుని, ప్లగ్గు, వైరు ముట్టుకోకుండా, బకెట్‌తో గుంటలో నీళ్లు మెల్లగా పోయండి. ఫ్లోట్ ముందు ఒక పక్కకు ఒరుగుతుంది, తర్వాత లేస్తుంది. ఎన్నో బకెట్‌కు మోటారు మొదలైందో, ఆగినప్పుడు అడుగున ఎన్ని వేళ్ల లోతు నీరు మిగిలిందో నాకు రాయండి.

మీ తాతయ్య