చట్టసభను చూపించే టీవీకి డబ్బిచ్చేదీ చట్టసభే

2025 జులై 24న అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన ఒక బిల్లుతో, ప్రజా ప్రసారాలకు, అంటే లాభాపేక్ష లేని రేడియో, టీవీ స్టేషన్లకు, రాబోయే రెండేళ్ల కోసం ముందుగానే కేటాయించిన దాదాపు 110 కోట్ల డాలర్లు వెనక్కి పోయాయి. ఆ డబ్బును స్టేషన్లకు పంచే కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ ఆగస్టు 1న తన మూసివేతను ప్రకటించింది. పిల్లల కార్యక్రమాలు, జాతీయ వార్తలు ఏమవుతాయోనని చాలామంది బాధపడ్డారు. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది రాష్ట్రాల సంగతి. ఫెడరల్ నిధులు ఆగాక చాలా స్టేషన్లు వెళ్లి అడగాల్సింది రాష్ట్ర శాసనసభ్యులనే. ఆ సభ్యులు ఏం చేస్తున్నారో జనానికి చెప్పాల్సిందీ ఆ స్టేషన్లే.

ఈ ముడి మొదటి నుంచీ ఉంది. 1952లో ప్రసార లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 242 టీవీ ఛానెళ్లను విద్యా ప్రసారాలకు ప్రత్యేకించింది. వాటిని నడపడానికి కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలే ముందుకొచ్చాయి. అలబామా 1953లో ఒక కమిషన్ వేసి, 1955లో దేశంలో మొదటి రాష్ట్రవ్యాప్త విద్యా టీవీ నెట్‌వర్క్‌ను మొదలుపెట్టింది. లైసెన్స్ ప్రభుత్వ కమిషన్‌ది, బడ్జెట్ శాసనసభది.

దాని ఫలితం త్వరలోనే కనిపించింది. 1970లో మిసిసిపీ రాష్ట్ర టీవీ కమిషన్ ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల కార్యక్రమాన్ని ప్రసారం చేయకూడదని తీర్మానించింది. అందులో నల్లజాతి, తెల్లజాతి పిల్లలు కలిసి ఆడుకోవడమే అభ్యంతరం. నిధులిచ్చే శాసనసభ్యులకు కోపం వస్తుందన్న భయం కూడా ఆ నిర్ణయం వెనుక ఉంది. విషయం పత్రికలకెక్కి దేశమంతా నిలదీశాక కమిషన్ వెనక్కి తగ్గింది. అలబామాలో ఇంకా పెద్ద దెబ్బే తగిలింది. నల్లజాతి వారి కార్యక్రమాలను తొక్కిపెట్టారన్న కారణంతో 1975లో ఆ నెట్‌వర్క్ లైసెన్సుల రెన్యువల్‌ను ఫెడరల్ కమిషన్ తిరస్కరించింది. మళ్లీ దరఖాస్తు చేసుకోనిచ్చి, తర్వాతే లైసెన్సులు ఇచ్చింది.

1967 నాటి పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం రాజకీయ నాయకులకూ స్టేషన్లకూ మధ్య ఒక అడ్డుగోడ కట్టాలనుకుంది. కార్పొరేషన్‌ను పెట్టింది అందుకే. కానీ ఆ గోడ వాషింగ్టన్ వైపే ఉంది. రాష్ట్ర రాజధానుల్లో ప్రతి బడ్జెట్ సమావేశంలోనూ స్టేషన్ అధికారులు చట్టసభ కమిటీల ముందు కూర్చుని సమాధానం చెప్పుకోవాల్సిందే. రాష్ట్ర జీతం తీసుకునే వ్యక్తి జర్నలిస్టు కాగలడా అన్న ప్రశ్న 1998లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆర్కన్సాస్ రాష్ట్ర టీవీ ఒక స్వతంత్ర అభ్యర్థిని ఎన్నికల చర్చకు పిలవలేదు. అది సంపాదకుల విచక్షణేనని, అభిప్రాయాన్ని బట్టి వివక్ష చూపలేదని కోర్టు 6–3తో తేల్చింది. తీర్పు స్టేషన్‌కు బలమే ఇచ్చింది, కానీ వచ్చే ఏడాది నిధులకు హామీ ఏ కోర్టూ ఇవ్వలేదు.

న్యూజెర్సీ కథ నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. ఆ రాష్ట్రం ఒకవైపు న్యూయార్క్, మరోవైపు ఫిలడెల్ఫియా టీవీ మార్కెట్ల మధ్య ఇరుక్కుంది. పెద్ద స్టేషన్ల దృష్టి ఆ నగరాల మీదే. రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో చట్టసభ ఏం చేస్తోందో రోజూ చెప్పడానికి 1971లో ప్రసారాలు మొదలుపెట్టిన ఎన్‌జేఎన్ అనే రాష్ట్ర ప్రభుత్వ టీవీ ఉండేది. ప్రభుత్వం టీవీ నడపడమేంటని గవర్నర్ క్రిస్ క్రిస్టీ పట్టుబట్టారు. 2011 జూన్ 30తో ఎన్‌జేఎన్ ఆగిపోయింది. మర్నాడే న్యూయార్క్ స్టేషన్ డబ్ల్యూనెట్ చేతికి నిర్వహణ వెళ్లింది. ప్రభుత్వ పట్టు తగ్గాలన్న వాదనలో న్యాయం ఉంది. అయితే ఏళ్ల తరబడి రాజధాని వార్తలు రాసిన ఉద్యోగులు ఆ మార్పులో ఇంటికి వెళ్లారు. అలాంటి అనుభవం ఒక్క రోజులో తిరిగి రాదు.

వాషింగ్టన్ రాష్ట్రం మరో దారి చూసింది. మాజీ శాసనసభ్యుడు డెన్నీ హెక్ మరొకరితో కలిసి స్థాపించిన టీవీడబ్ల్యూ అనే లాభాపేక్ష లేని సంస్థ 1995 నుంచి సభను మొదటి నిమిషం నుంచి చివరిదాకా ప్రసారం చేస్తోంది. ప్రధానంగా రాష్ట్ర నిధులే అయినా సంస్థ మాత్రం ప్రభుత్వ శాఖ కాదు. ఇది మంచి ఏర్పాటే. కానీ సభలో పెట్టిన కెమెరా చర్చను చూపిస్తుంది తప్ప, బిల్లులో ఆ క్లాజు ఎవరి కోసం చేరిందని అడగదు. అడగడానికి విలేకరి కావాలి, వాళ్లేమో తగ్గిపోతున్నారు. ప్యూ రీసెర్చ్ సెంటర్ ఒకే పత్రికల సమూహాన్ని పోల్చి చూస్తే, రాష్ట్ర చట్టసభల దగ్గర పూర్తికాలం పనిచేసే విలేకరులు 2003లో 467 మంది, 2014లో 303 మంది. వాళ్లు ఖాళీ చేసిన చోట పనిచేయాల్సిన భారం ప్రజా రేడియో, టీవీల మీద ఇంకా పెరిగింది.

శాసనసభ్యులందరూ ఈ స్టేషన్లకు శత్రువులేం కాదు. 2023లో ఓక్లహోమా గవర్నర్ కెవిన్ స్టిట్ రాష్ట్ర ప్రజా టీవీ కొనసాగింపు బిల్లును వీటో చేస్తే, ఆయన సొంత పార్టీ ఆధిక్యంలో ఉన్న ఉభయ సభలూ ఆ వీటోను కొట్టేశాయి. గ్రామీణ నియోజకవర్గాలకు ఆ స్టేషన్ ఎంత అవసరమో సభ్యులకు తెలుసు. ఇండియానాలో మాత్రం 2025 రాష్ట్ర బడ్జెట్ ప్రజా ప్రసారాలకు ఇచ్చే సాయాన్ని పూర్తిగా ఎత్తేసింది. కొన్ని నెలలకే ఫెడరల్ డబ్బూ పోయింది. రాష్ట్ర ప్రభుత్వాన్ని రోజూ ప్రశ్నించాల్సిన అక్కడి స్టేషన్లు ఇప్పుడు శ్రోతల, ప్రేక్షకుల విరాళాల మీదే ఎక్కువగా ఆధారపడాలి.