మెట్రిక్ ముందే ఎందుకు రైలెక్కుతున్నారు? గంజాం తెలుగు ఇళ్ల లెక్క 1975లో తప్పింది

మెట్రిక్‌కు ఫారం ఫిలప్ చేసి పరీక్షకు రాని పిల్లల లెక్క బయటికొచ్చినప్పుడల్లా ఒడిశాలో ఒకటే గొడవ. 2022 వేసవిలో పదో తరగతి పరీక్షలకు 40 వేల మందికి పైగా రాకపోయేసరికి రాష్ట్రమంతా గగ్గోలెత్తింది. అదే విద్యా సంవత్సరానికి కేంద్రం వేసిన యూడైస్ (దేశంలోని బడుల వివరాల) లెక్కల్లో, హైస్కూల్లో బడి మానేసిన వాళ్లు దేశం మొత్తం మీద 12.6 శాతం ఉంటే ఒడిశాలో 27.3 శాతం తేలారు. ఇప్పుడు మళ్లీ అదే చర్చ. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని అధికారులంటారు. దాదన్ సర్దార్లు, అంటే కూలీల్ని వేరే రాష్ట్రాలకు తీసుకుపోయే మేస్త్రీలు, అడ్వాన్సు చేతిలో పెట్టి పిల్లల్ని తీసుకుపోతున్నారని సంఘాల వాళ్లంటారు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగు ఇళ్లు ఏమంటాయో మాత్రం ఎవరూ అడగరు.

1936లో ఒడిశా ఏర్పడటం, పర్లాకిమిడి ఎస్టేటు రెండుగా చీలిపోవడం, పర్లాకిమిడి ఇటు ఒడిశాలో, పాతపట్నం అటు ఇప్పటి ఆంధ్రలో ఉండిపోవడం ఇక్కడి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన పిల్లల చదువు అప్పుడే చెడిందని చాలామంది నమ్ముతారు. నేను ఒప్పుకోను. సరిహద్దు గీసిన తర్వాత కూడా చాలా ఏళ్లు చదువుకున్న కుర్రాడికి రెండు వైపులా దారి ఉండేది. పైగా 1957లో పార్లమెంటు చేసిన చట్టం ప్రభుత్వ ఉద్యోగానికి నివాసం అడగకూడదంది. తెలంగాణ లాంటి కొన్ని ప్రాంతాలనే మినహాయించింది. అంటే పర్లాకిమిడిలో హైస్కూలు పాసైన వాడు శ్రీకాకుళంలో గుమాస్తా ఉద్యోగానికో టీచరు ఉద్యోగానికో దరఖాస్తు పెట్టుకుంటే, నువ్వెక్కడ చదివావు అనే ప్రశ్న అడ్డొచ్చేది కాదు. నౌపడా లైను రైలెక్కితే పాతపట్నం పక్క స్టేషనే. అప్పట్లో హైస్కూలు చదువు అటూ ఇటూ చెల్లేది.

మలుపు 1975లో వచ్చింది. తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ గొడవ, దానికి ఎదురుగా జై ఆంధ్ర ఉద్యమం, రాజీగా ఆరు సూత్రాల పథకం, దానికి రాజ్యాంగంలో చోటిచ్చిన 371-డి అధికరణం అందరికీ తెలిసినవే. వాటి కొనసాగింపుగా ఆ ఏడాది అక్టోబరు 18న ఆంధ్రప్రదేశ్ ఉద్యోగాల మీద రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. గుమాస్తా స్థాయి ఉద్యోగాల్లో 80 శాతం స్థానికులకే అంది. ఎవరు స్థానికులో తేల్చడానికి పెట్టిన కొలమానం మన పిల్లల మెడకు చుట్టుకుంది: మెట్రిక్ లేదా దానికి సమానమైన పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలోనే చదివి ఉండాలి. ఏడు నుంచి పది దాకా అన్నమాట. బరంపురంలోనో ఛత్రపురంలోనో ఆ నాలుగేళ్లు గడిపిన పిల్లవాడు ఇచ్ఛాపురం దాటగానే నాన్‌లోకల్. మిగతా 20 శాతానికి పోటీ పడొచ్చు గానీ, అక్కడ వేరే రాష్ట్రం కుల సర్టిఫికెట్ చెల్లదు. బీసీ అయినా ఎస్సీ అయినా ఓసీతో సమానంగా రాయాల్సిందే. ఆంధ్ర, తెలంగాణ తగవు తీర్చడానికి రాసిన ఉత్తర్వు అది. బయట ఉండిపోయిన తెలుగువాళ్లు దాన్ని రాసిన వాళ్ల ఆలోచనలోకే వచ్చినట్టు లేదు.

ఇటు చూస్తే ఒడిశా సర్కారు కొలువుకు ఒడియా చదవడం, రాయడం రావాలి. కనీసం ఏడో తరగతి స్థాయిలోనైనా ఒడియా పాసై ఉండాలి. రాష్ట్ర భాష అడగడంలో తప్పేమీ లేదు. తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లవాడికి మాత్రం ఇదొక గోడలా కనిపించింది. బోర్డు పెట్టే ఎంఈ (ఏడో తరగతి) స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి పాసైనా సరిపోతుందన్న సంగతి పల్లెల్లో చెప్పిన వాళ్లు తక్కువ.

ఈ రెండూ కలిసి ఇంటింటా ఒక లెక్కను స్థిరపరిచాయి. మెట్రిక్ పాసైతే అటు నాన్‌లోకల్, ఇటు ఒడియా. మరి ఎందుకు పాసవ్వాలి? తొమ్మిదో తరగతి పిల్లవాడు బడికి రావడం లేదని మాస్టారు ఇంటికి వెళ్తే తండ్రి కోప్పడడు. కుర్చీ వేసి, టీ పెట్టించి, నెమ్మదిగానే అడుగుతాడు: "మా అన్నయ్య మెట్రిక్ ఫస్ట్ క్లాసు మాస్టారూ. బరంపురంలో బట్టల షాపులో లెక్కలు రాస్తున్నాడు. నేను ఏడుతో ఆపి సూరత్ పోయాను. ఈ స్లాబు నేనేసిందే. మీరే చెప్పండి, వీణ్ని ఎవరిలా చెయ్యమంటారు?" మాటలు ఇంటికో తీరుగా మారతాయి, ప్రశ్న మారదు. దీనికి జవాబు చెప్పకుండా చదువు విలువ మీద ఉపన్యాసమిస్తే ఆ తండ్రి మర్యాదకు వింటాడు, అంతే.

డబ్బు సంగతి అందరూ మొదట చెబుతారు కాబట్టి నేను వెనక చెబుతున్నాను. అది అబద్ధమని కాదు. గోపాలపురం, ఆర్యపల్లి వైపు సముద్రం మీద బతికే తెలుగు కుటుంబాలకు ఏడాదిలో ఏడు నెలలు కష్టకాలం. ఋషికుల్య నది దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరానికి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటా ఉండే మరబోట్ల వేట నిషేధం వేరు. తాబేళ్లను కాపాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. కాకపోతే మెట్రిక్ ఫారం నింపడం, ప్రీబోర్డు, అసలు పరీక్ష అన్నీ సరిగ్గా ఇంట్లో రాబడి పడిపోయిన ఆ నెలల్లోనే వస్తాయి. చెన్నై, మంగళూరు, గోవా బోట్ల మీద కలాసీలు (బోటు కూలీలు) కావాలని కబురు వచ్చేదీ అప్పుడే. పదిహేనేళ్ల వాడు తండ్రితో పాటు సంచి సర్దుకుంటాడు.

మిగతావాళ్లు సూరత్ దారి పడతారు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు పోవడం దశాబ్దాల అలవాటు. ఒడియా ఇళ్ల వాళ్లు ముందు వెళ్లారు, పక్కింటి తెలుగువాళ్లు వాళ్ల వెంట వెళ్లారు. బరంపురం స్టేషన్లో పూరీ-అహ్మదాబాద్ రైలు ఆగినప్పుడు జనరల్ బోగీ దగ్గర నిలబడి చూస్తే మీసం రాని మొహాలు కనిపిస్తాయి. భుజాన బడి బ్యాగే ఉంటుంది, అందులో పుస్తకాల బదులు రెండు జతల బట్టలు. అక్కడ మగ్గం మీద షిఫ్టు 12 గంటలు, కూలి మీటరు లెక్కన. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. 14 నుంచి 18 మధ్య వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు, మిగతా చోట్ల కూడా విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు మించకూడదు, రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పనే చేయించకూడదు.  ఈ రూళ్లు తెలిసిన తండ్రి నాకింతవరకు ఎదురుపడలేదు. సర్దార్లకు మాత్రం బాగా తెలుసు.

విద్యాశాఖ తన వైపు చెప్పుకునేదీ ఉంది. ఎనిమిది దాకా చదువు ఉచితం, తొమ్మిదిలో చేరిన పిల్లలకు సైకిల్ ఇస్తున్నారు, మెట్రిక్‌లో ఫస్ట్ లాంగ్వేజీగా తెలుగు రాసే వీలు కూడా ఉంది. ఇవన్నీ నిజమే. విద్యాహక్కు చట్టం 14 ఏళ్లతో ఆగిపోవడమూ నిజమే. పిల్లవాడు బడి వదిలేసేది సరిగ్గా ఆ తర్వాతే.

ఇంతవరకు ఆ తండ్రి లెక్కనే ఎక్కువ రాశాను, ఎందుకంటే అది మొండితనం కాదు, అనుభవం. అయితే అది ప్రభుత్వ ఉద్యోగం ఒక్కదాన్నే చూసి వేసిన లెక్క. ఈ మధ్య కాలంలో మెట్రిక్ కాగితం వేరే చోట్ల పనికొస్తోంది, ఆ కబురు పల్లెకు చేరలేదు.

పాస్‌పోర్టు సంగతే చూడండి. శ్రీకాకుళం జిల్లాలోని సోంపేట, కంచిలి వైపు నుంచి ఫిట్టర్లు, వెల్డర్లు గల్ఫ్ వెళ్లడం ఇక్కడి వాళ్లకు తెలిసిందే, వాళ్లలో చుట్టాలూ ఉంటారు. పదో తరగతి పాస్ కాని వాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలసకు ముందు అనుమతి కావాలన్న) ముద్ర పడుతుంది. సౌదీ, కువైట్, ఖతార్, యూఏఈతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వాడు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర అధికారి నుంచి అనుమతి తెచ్చుకోవాలి. ఆ క్లియరెన్స్ కోసం ఏజెంటు చుట్టూ తిరగాలి. పది పాసైన వాడికి ఆ బాధ లేదు. సెకండ్ క్లాసా థర్డ్ క్లాసా అని పాస్‌పోర్టు ఆఫీసు అడగదు.

ఐటీఐలో వెల్డర్, ప్లంబర్ ట్రేడులకు ఎనిమిది చాలు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ కావాలంటే పది ఉండాలి. బరంపురం ప్రభుత్వ ఐటీఐ ఈ పిల్లల ఇళ్లకు బస్సు దూరంలోనే ఉంది. అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదిలో మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 రావాలి. వీటిల్లో ఎక్కడా లోకల్, నాన్‌లోకల్ అనే ముచ్చట లేదు. లారీ, టాక్సీ లైసెన్సుకు ఉన్న ఎనిమిదో తరగతి నిబంధన 2019లో ఎత్తేశారు కాబట్టి డ్రైవరు కావాలనుకునే వాడి లెక్క వేరు. అది వాడి తండ్రికి ఈపాటికే తెలిసి ఉంటుంది.

ఇప్పటి చర్చ అంతా గైర్హాజరైన వాళ్లను పరీక్ష హాలుకు ఎలా రప్పించాలన్న దాని మీదే తిరుగుతోంది. సూరత్ వెళ్లిపోయిన వాళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. వాళ్లకు ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూలు, అంటే కేంద్రం నడిపే దూరవిద్య బడి, ఉంది. 14 ఏళ్లు నిండితే సెకండరీలో చేరొచ్చు, తెలుగు మీడియంలోనే రాయొచ్చు. ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్ష రాసుకునే అవకాశం, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. దసరాకు, సంక్రాంతికి సూరత్ నుంచి ఊరికి వచ్చే కుర్రాళ్ల చేత ఆ ఫారం నింపించే పని బడి చేయాలా, పంచాయతీ చేయాలా, బరంపురంలోని తెలుగు సంఘాలు చేయాలా అన్నది తేల్చుకోవాల్సి ఉంది. ఇక బడిలో ఉన్నవాళ్ల తండ్రులకు ఎంఈ ఒడియా పరీక్ష గురించి, ఈసీఆర్ ముద్ర గురించి పిల్లవాడు ఏడో తరగతిలో ఉండగానే చెప్పాలి. తొమ్మిదికి వచ్చాక చెబితే సర్దార్ ఇచ్చిన అడ్వాన్సు అప్పటికే ఇంట్లో ఖర్చయి ఉంటుంది.