రాత్రంతా రేడియేషన్ బీమ్ కింద ఉన్న స్టీలు బిళ్లని ముట్టుకోవచ్చా? అపోహలు - వాస్తవాలు

అపోహ: రేడియేషన్ తగిలిన వస్తువు తానూ రేడియేషన్ వెదజల్లుతుంది.

ఏటా అడ్మిషన్లప్పుడు ఇదే గొడవ. రేడియేషన్‌కి స్టీలు ఏమవుతుందో చూసే మా ల్యాబ్‌లో చేరతానని సంబరంగా చెప్పి వెళ్లిన అమ్మాయి వారం తిరక్కుండా "ఇంట్లో వద్దంటున్నారు సార్" అంటుంది. వాట్సాప్‌లో ఎవడో తోసిన వీడియో చూసి పీహెచ్‌డీ సీటు వదిలేసుకుంటున్నారు.

వాస్తవం: తగిలింది ఏమిటో ముందు అడగాలి. మేం యాక్సిలరేటర్‌తో, అంటే కణాల వేగం పెంచే యంత్రంతో, ఇనుప అయాన్లని (ఆవేశమున్న ఇనుప పరమాణువుల్ని) కొన్ని మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో స్టీలు మీదికి కొడతాం. ఆ అయాన్ల ధారే బీమ్. పరమాణువులు చోటు తప్పుతాయి, అంతే. కేంద్రకాన్ని మార్చే శక్తి ఆ అయాన్లకి లేదు. కేంద్రకం మారనిదే రేడియోధార్మికత ఎక్కణ్ణుంచి వస్తుంది? కోబాల్ట్-60 గామా కిరణాలతో శుద్ధి చేసిన సిరంజిలతో ఇంజెక్షన్లు చేయించుకుంటూనే ఉన్నాం కదా!

రియాక్టర్లో పుట్టే న్యూట్రాన్ సంగతి వేరు. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి నేరుగా కేంద్రకంలో దూరుతుంది. స్టీల్లో లేశమాత్రంగా ఉండే కోబాల్ట్-59ని రేడియోధార్మిక కోబాల్ట్-60 చేస్తుంది. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, 5.27 ఏళ్లు. అలాంటి ముక్కల్ని హాట్ సెల్ అనే మందపాటి గోడల గదిలో పెట్టి, మందపాటి సీసపు గాజు ఇవతల నిలబడి మానిప్యులేటర్లతోనే (దూరం నుంచి నడిపే యంత్రపు చేతులతోనే) కదుపుతారు. అలాంటి ముక్కలు మా దగ్గర లేవు.

ఓసారి ఒకాయన ఒంగోలు నుంచి ఫోన్ చేశాడు. "మా పాప ల్యాబ్ బట్టలు అందరి బట్టల్తో కలిపి ఉతకొచ్చా సార్? రేపు సంబంధాలు చూడాలి..." నవ్వొస్తుందేమో మీకు, నాకు రాలేదు. పిల్ల గురించి బెంగపడే తండ్రికి తెలుగులో ఇది విడమరిచి చెప్పేవాళ్లేరీ? ఓసారి వచ్చి చూడండి అన్నాను, వచ్చాడు. ముందు రాత్రంతా బీమ్ కింద ఉన్న 3 మిల్లీమీటర్ల స్టీలు బిళ్లని ట్వీజర్లతో పట్టుకుని రేడియేషన్ కొలిచే సర్వే మీటర్ దగ్గర పెట్టాను. వరండాలో ఎంత చూపించిందో ఇక్కడా అంతే. అప్పుడడిగాడు, "మరి బీమ్ నడుస్తుండగా లోపలుంటే?" అడగాల్సింది అదీ! అప్పుడు ఎక్స్‌రేలు వస్తాయి. అందుకే తలుపు తీస్తే బీమ్ ఆగిపోయేలా ఇంటర్‌లాక్, ఛాతీ మీద ఒంటికి తగిలిన రేడియేషన్‌ని లెక్కగట్టే టీఎల్‌డీ బ్యాడ్జి. పిల్లల్ని ఏ ల్యాబ్‌కి పంపినా ఈ రెండూ ఉన్నాయా అని అడగండి, బట్టల సంగతి వదిలేయండి.

అపోహ: రేడియేషన్‌కి స్టీలు మెత్తబడుతుంది.

లేదు, గట్టిపడుతుంది. చిక్కంతా అక్కడే, పెళుసెక్కుతుంది. రియాక్టర్ వెసల్లో (ఇంధనం ఉండే పెద్ద స్టీలు పాత్రలో) ముందే వేలాడదీసిన స్టీలు నమూనాల్ని అప్పుడప్పుడూ తీసి చార్పీ పరీక్షలో, అంటే సుత్తి దెబ్బతో, విరగ్గొట్టి చూసేది అందుకే.

అపోహ: తగిలిన ప్రతి దెబ్బా మిగిలిపోతుంది.

చోటు తప్పిన పరమాణువుల్లో చాలావరకు సెకనులో వంద కోట్లవ వంతు గడిచేలోపే సర్దుకుంటాయి. మిగిలిపోయిన ఖాళీలు ఒకచోట చేరితే స్టీలు ఉబ్బుతుంది. 1967లో స్కాట్లాండులోని డౌన్‌రే ఫాస్ట్ రియాక్టర్ (వేగంగా కదిలే న్యూట్రాన్లతో నడిచేది) ఇంధన గొట్టాల్లో ఇది బయటపడింది. తమిళనాడులోని కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌కి టైటానియం కలిపిన డీ9 రకం స్టీలు ఎంచుకున్నది ఈ ఉబ్బుకి భయపడే.

అపోహ: పెళుసెక్కిన వెసల్‌ని ఇక పారేయడమే.

ఫిన్లాండులోని లోవీసా అణు విద్యుత్ కేంద్రంలో 1996లో వెసల్ వెల్డుని (అతుకుని) కాచి పెళుసుదనం దించారు, రియాక్టర్‌ని మళ్లీ నడిపారు.