పాత ఇంగ్లిష్ కార్లు, పల్లె పబ్బులు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లాండులో పాత కార్లు బాగుచేయడం నా వృత్తి. ఈ కార్ల గురించీ, ఇక్కడి పల్లెల్లో జనం కూర్చుని బీరు తాగే పబ్బుల గురించీ మన వాళ్లు తరచూ అడిగేవాటికి ఇక్కడే జవాబు రాసేస్తున్నాను.

అపోహ: పాతబడిన కారు ఏదైనా వింటేజే.

కాదు. 1919 నుంచి 1930 చివరి దాకా తయారైనవే వింటేజ్. 1904 చివరికల్లా తయారైనవి వెటరన్, మధ్యలోవి ఎడ్వర్డియన్. అరవైలనాటి జాగ్వార్ ఎంత అందగత్తె అయినా క్లాసిక్ మాత్రమే. అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

అపోహ: అవన్నీ దొరల బండ్లు.

1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ దొరల కోసం పుట్టలేదు. పక్కబండి తగిలించిన మోటారు సైకిలు మీద పెళ్లాంపిల్లలతో వానలో తడుస్తూ తిరిగే సామాన్యుడి కోసం పుట్టింది. 747 సీసీ ఇంజను. 1939 దాకా దాదాపు 2,90,000 తయారయ్యాయి. తొలి బండ్లలో కాలి బ్రేకు వెనక చక్రాలకే పట్టేది, ముందు చక్రాలకు చేతి బ్రేకు. వాలు దిగేటప్పుడు రెండూ కలిపి వాడాల్సిందే. క్లచ్ అయితే మరీ పెంకిది: పెడలు కాస్త కదిలిందో లేదో పట్టేస్తుంది. కొత్తగా నడిపేవాళ్ల బండి కప్పలా గెంతడం మా షెడ్డులో నిత్య వినోదం.

అపోహ: మోర్గాన్ కారు ఛాసిస్ (బండి బరువంతా మోసే అడుగు చట్రం) చెక్కతో చేస్తారు.

ఛాసిస్ లోహమే. దాని మీద బాడీ చట్రం మాత్రం యాష్ అనే చెట్టు కలప, పైన రేకు. కొనే ముందు తలుపు స్తంభం అడుగున స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా గుచ్చి చూడండి. మెత్తగా దిగితే లోపల చెమ్మ చేరినట్టే. పైన రంగు అద్దంలా మెరుస్తున్నా బేరం ఆపేయండి.

అపోహ: పబ్బులో బీరు వెచ్చగా పోస్తారు.

నేలమాళిగలో 12 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఐసు చల్లదనం కోరుకునేవాళ్లకు అది వెచ్చనే మరి.

అపోహ: పల్లె పబ్బు రోజంతా తెరిచే ఉండేది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, కార్మికులు తాగి పని చెడగొడుతున్నారని మధ్యాహ్నాలు మూయించారు. యుద్ధం ముగిసినా ఆ నిబంధన 1988 దాకా కదల్లేదు.

అపోహ: అప్పట్లో తాగి నడిపినా అడిగేవాడు లేడు.

1872 చట్టం తాగి గుర్రబ్బండి, ఆవిరియంత్రం తోలడాన్నే కాదు, పశువులను తోలుకెళ్లడాన్ని కూడా నేరమంది. 1925లో మోటారు వాహనాలూ ఆ పరిధిలోకి వచ్చాయి. చిక్కల్లా రుజువుతోనే: ఎంత తాగితే తాగినట్టో చట్టం చెప్పలేదు. 1967లో ఊపిరి పరీక్షతో పాటు రక్తంలో ఆల్కహాలుకు పరిమితి వచ్చింది. ఊరికి దూరంగా, కార్లలో వచ్చేవాళ్ల మీదే ఆధారపడిన పబ్బులకు అసలు దెబ్బ అదేనని నా అభిప్రాయం.