చెక్క యోయోకి నడుమే ప్రాణం

విజయనగరంలో పైడితల్లమ్మ పండగకి వెలిసే బొమ్మల దుకాణాల ముందు ఆగితే పిల్లల చెయ్యి ముందు బొంగరం మీదకే పోతుంది. బొంగరం తాడుని వదిలేసి తిరుగుతుంది. యోయో తాడుని వదలకుండానే తిరగాలి. ఈ చిక్కుని తీర్చిన తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రెండు చెక్క బిళ్లలు, మధ్యలో సన్నని ఇరుసు. దారాన్ని ఇరుసుకి ముడి వేస్తే యోయో కిందికి దిగి వెంటనే పైకి వచ్చేస్తుంది, అంతే. ఫిలిప్పీన్స్ పద్ధతి వేరు. పొడవైన దారాన్ని మధ్యకి మడిచి పురి పెడతారు. మడత దగ్గర పురిని కాస్త విప్పితే వచ్చే ఉచ్చులో ఇరుసు వదులుగా కూర్చుంటుంది. అందుకే దారం చివర యోయో అక్కడే తిరుగుతూ ఉండిపోగలదు. చిన్నగా లాగి వదిలితే దారం సడలి, చెక్కని పట్టుకుని చుట్టుకుంటుంది. 1928లో ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డ పెడ్రో ఫ్లోరెస్ కాలిఫోర్నియాలో తయారీ మొదలుపెట్టింది ఈ రకంతోనే.

దారం బిగువు ఎంత ముఖ్యమో 1985లో డిస్కవరీ వ్యోమనౌకలో తేలింది. దారాన్ని కిందికి లాగిపెట్టే బరువు అక్కడ లేదు కాబట్టి యోయో చివర నిలవలేదు, వెనక్కి వచ్చేసింది.

ఇక ఇరుసు మందం. 56 మిల్లీమీటర్ల వెడల్పున్న, అంతటా ఒకే మందం ఉన్న యోయోకి 8 మిల్లీమీటర్ల ఇరుసు ఉందనుకుందాం. విసరకుండా ఊరికే వదిలితే మీటరు దిగడానికి సుమారు 2.3 సెకన్లు పడుతుంది. ఇరుసుని 6 మిల్లీమీటర్లకి తగ్గిస్తే సుమారు 3 సెకన్లు. అదే ఎత్తు నుంచి రాయి అయితే అర సెకను లోపే పడిపోతుంది. పడే శక్తిలో ఎక్కువ భాగం తిరగడానికే పోతుందన్నమాట. రెండు మిల్లీమీటర్ల చెక్కతో ఇంత తేడా!

ఆ కొంచెం చెక్కనే దారం రోజూ అరగదీస్తుంది. చెక్క యోయోలు సేకరించేవాళ్లు పెయింట్ కన్నా ముందు నడుము చూడాలని నేననేది అందుకే. శాన్‌ఫ్రాన్సిస్కో దంతవైద్యుడు టామ్ కూన్ 1978లో తెచ్చిన 'నో జైవ్ 3-ఇన్-1' ఈ బాధకి చక్కని మందు. దాన్ని విప్పి, అరిగిన ఇరుసుని మార్చుకోవచ్చు. బిళ్లల్ని తిరగేసి బిగిస్తే మూడు ఆకారాలు వస్తాయి. దారం పడే గాడి విశాలంగా ఉండే సీతాకోకచిలుక ఆకారం వాటిలో ఒకటి. సేకరణలో ఒక్కటే ఉండాలంటే నేను ఎంచుకునేది దీన్నే.

పక్క జిల్లా ఏటికొప్పాకలో లేత్ మీద లక్క పట్టే అంకుడు కర్రతో యోయో ఎందుకు చేయకూడదు? 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం అది. అయితే అంకుడు తేలిక, మెత్తన. బిళ్లని మధ్యలో తొలిచి అంచుని మందంగా ఉంచాలి, బరువు అంచున ఉంటేనే తిరుగుడు నిలుస్తుంది. రెండు బిళ్లల్నీ ఒకే దుంగలోంచి తీయాలి, లేకపోతే బరువు తేడా వచ్చి వణుకుతుంది. లక్క బయటికే, దారం తగిలే చోట వద్దు. అక్కడ నున్నగా ఉంటే దారం జారిపోతుంది. ఇరుసుకి మాత్రం మరింత గట్టి కర్ర వెయ్యాలి.