ఒంట్లో కొవ్వుంటే ఉపవాసానికి ఏమీ కాదా? అపోహలు - వాస్తవాలు

పోయిన కార్తీకంలో ఒక సోమవారం, 11 గంటల వేళ ఆటోలో ఒకావిడని తీసుకొచ్చారు. 90 కిలోల పైనే ఉంటుంది. చెమటకి జాకెట్టు తడిసి ముద్దయింది, పేరు అడిగితే చెప్పలేకపోతోంది. వేలు గుచ్చి చూస్తే షుగర్ 46. తెల్లారకుండానే నాగావళిలో స్నానం చేసి ఉపవాసం పట్టింది, గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర మాత్రం రోజూలాగే వేసుకుంది. "ఇంత ఒళ్ళుంది కదా డాట్రమ్మా, ఒక్కపూట తినకపోతే ఏటౌతాది?" అని కూతురు ఏడుపు. శ్రీకాకుళంలో ఈ మాట వినని వారం లేదు నాకు.

అపోహ: కొవ్వున్నవాళ్ళకి ఉపవాసంలో షుగర్ పడిపోదు.

వాస్తవం: తిండి ఆగితే ముందు లివర్‌లో దాచిన గ్లైకోజెన్ (గ్లూకోజ్ నిల్వ), సుమారు 100 గ్రాములు, ఖర్చవుతుంది. ఇన్సులిన్ తగ్గేకొద్దీ కొవ్వు కరుగుతుంది, అందులోంచి కీటోన్లనే ఇంధనం తయారై మెదడుకి ఆసరా అవుతుంది. ఇన్సులిన్ తగ్గితేనే ఇదంతా. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు మీరు తిన్నారా లేదా అని చూడవు, క్లోమం నుంచి ఇన్సులిన్ పిండుతూనే ఉంటాయి. అప్పుడు లివర్ గ్లూకోజ్ వదలదు, కొవ్వూ కదలదు. గాదె నిండా ధాన్యమున్నా తలుపు బిగుసుకుపోతే ఇంట్లో పస్తే. ఇన్సులిన్ ఇంజెక్షన్ వాడేవాళ్ళకీ ఇదే ప్రమాదం. డపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలది వేరే గొడవ: షుగర్ మరీ ఎక్కువ కనబడకుండానే కీటోన్లు ప్రమాదకరంగా పెరగొచ్చు.

అందుకే ఉపవాసానికి వారం ముందే వచ్చి మందులు మార్పించుకోండి. షుగర్ 70 కన్నా తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకురండి. గ్లిమిపిరైడ్‌తో పడిన షుగర్ లేచి మళ్ళీ పడుతుంది, ఆవిణ్ణి మర్నాటిదాకా అందుకే ఉంచాం.

"ఒక్కరోజు తినకపోతే మెటబాలిజం ఆగిపోతుంది" అని టెన్షన్ పడేవాళ్ళు ఇంకొందరు. మెటబాలిజం అంటే ఒళ్ళు శక్తిని ఖర్చుచేసే తీరు, అది ఆగదు. నెలల తరబడి కడుపు మాడ్చుకుంటే తగ్గుతుంది, కండా పోతుంది. లావుగా ఉన్నవాళ్ళకి మెటబాలిజం తక్కువన్నదీ తప్పే, పెద్ద శరీరం ఊరికే కూర్చున్నా ఎక్కువ ఖర్చు చేస్తుంది. రెండు రోజుల్లో తగ్గిన రెండు కిలోల్లో చాలావరకు నీళ్ళే. మా అమ్మ శనివారాలు ఒంటిపొద్దు ఉండేది, రాత్రి పలారం పేరుతో రెండు ప్లేట్ల ఉప్మా, నాలుగు అరటిపళ్ళు. బరువు తగ్గలేదని తనని తానే తిట్టుకునేది, పాపం.

తర్వాతి సోమవారానికి రెండ్రోజుల ముందే ఆవిడ వచ్చి మాత్రలన్నీ టేబుల్ మీద పరిచింది. "మొక్కు మానలేనమ్మా." మానొద్దన్నాను. ఆ ఒక్క మాత్ర ఆ రోజుకి ఆపాం. మధ్యాహ్నం పాలూ పళ్ళూ తీసుకుంటానని ఒప్పుకుంది.