కోత మిషన్ ఆగకూడదంటే మూడో ట్రక్కు కావాలి

మొన్న మార్చిలో నెల్లూరు జిల్లా కోవూరు పోయినప్పుడు మా అక్క కొడుకు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. "మామా, చిన్న విండోలో గేమ్ బాగా ఆడతా ఉండాది, ఫుల్‌స్క్రీన్ చేస్తే మాత్రం జర్కులు కొడతా ఉండాది, ఏంది?" అన్నాడు. ఇంటి వెనక పొలంలో కోత మిషన్ నడుస్తోంది. వాణ్ణి గట్టు మీదికి తీసుకెళ్లాను, ఎందుకంటే వాడడిగినదానికి జవాబు చాలావరకు అక్కడే ఉంది.

కొంత జవాబు వట్టి లెక్క. వాడి విండో 1280×720, అంటే 9,21,600 చుక్కలు. ఫుల్‌స్క్రీన్ 1920×1080, అంటే 20,73,600. రెండుంపావు రెట్ల పని. అది అంతే. నాకు ఎప్పటికీ విసుగు పుట్టనిది రెండో భాగం: గీయడం అయిపోయిన బొమ్మ తెర దాకా ఎలా పోతుంది?

కోత మిషన్‌ని గ్రాఫిక్స్ చిప్, అంటే బొమ్మలు గీసే చిప్ అనుకోండి. అది ధాన్యం పోసే ట్రాక్టర్ ట్రక్కు బఫర్, అంటే బొమ్మను దాచుకునే మెమరీ ముక్క. మిల్లు మానిటర్. 60 హెర్ట్జ్ మానిటర్ అనే ఈ మిల్లు సెకనుకు 60 సార్లు, అంటే 16.67 మిల్లీసెకన్లకు ఒకసారి గేటు తెరుస్తుంది. లోపలికి వచ్చిన ట్రక్కును పై వరస నుంచి కింది వరస దాకా క్రమంగా ఖాళీ చేస్తుంది, కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెడుతుంది. ఆ ఊపిరి పీల్చుకునే సందులోనే ట్రక్కు మార్చాలి. సగం దించాక మార్చారనుకోండి, పై సగం పాత ధాన్యం, కింది సగం కొత్త ధాన్యం పడుతుంది. తెర మీద బొమ్మ అడ్డంగా చిరిగినట్టు కనిపించేది అప్పుడే. దాన్ని ఆపడానికి పెట్టిందే వీ-సింక్: గేటు తెరిచినప్పుడు తప్ప ట్రక్కు మార్చకూడదని నియమం.

ఇక్కడే జర్కు పుడుతుంది. ట్రక్కులు రెండే ఉన్నాయి. ఒకటి మిల్లులో దిగుతోంది, రెండోది పొలంలో నిండుతోంది. నింపడానికి 16 మిల్లీసెకన్లు పడితే గేటు అందుతుంది, అదే 17 పట్టిందంటే గేటు తప్పిపోయి ఇంకో విడత ఆగాలి, మొత్తం 33 మిల్లీసెకన్లు. ఒక్క మిల్లీసెకను ఆలస్యానికి సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు కాస్తా 30 అయిపోతాయి! పైగా నిండిన ట్రక్కు గేటు దగ్గర నిలబడి ఉంటే, పోయడానికి ఖాళీ ట్రక్కు లేక కోత మిషన్ పొలంలో ఊరికే నిలబడుతుంది. మూడో ట్రక్కు పెడితే మిషన్ ఆగదు. దీన్నే ట్రిపుల్ బఫరింగ్ అంటారు. మెమరీ కొంచెం ఎక్కువ తింటుంది, ట్రక్కులు క్యూలో నిలబడితే మీరు కీ నొక్కిన ఫలితం కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. ఇంకో దారి, ట్రక్కు వచ్చినప్పుడే గేటు తెరిచే మిల్లు. జీ-సింక్, ఫ్రీసింక్ మానిటర్లు చేసేది ఆ పనే.

ఇక ట్రక్కు మార్చడం. ఇది నాకు అన్నిటికన్నా అందమైన సంగతి. మా వైపు పుట్టి అంటే 850 కిలోలు. నాలుగు పుట్ల ధాన్యాన్ని ఒక ట్రక్కులోంచి ఇంకో ట్రక్కులోకి ఎత్తిపోయడమంటే హమాలీల నడుములు విరగాలి. పిన్ను పీకి ట్రాక్టర్‌కి వేరే ట్రక్కు తగిలించడం నిమిషం పని. కంప్యూటర్‌లో ఒక ఫుల్‌స్క్రీన్ బొమ్మ 82,94,400 బైట్లు. దాన్ని కాపీ చేయనక్కర్లేదు, మానిటర్ ఏ చిరునామా నుంచి చదవాలో ఆ ఒక్క అంకె మార్చితే చాలు. దాన్ని పేజ్ ఫ్లిప్ అంటారు.

మరి మామూలు డెస్క్‌టాప్‌లో కాపీ ఎందుకు జరుగుతుంది? మధ్యలో యార్డు ఉంది కాబట్టి. బ్రౌజర్, గేమ్, గడియారం, నోటిఫికేషన్లు, ఇట్లా అందరి ధాన్యం యార్డులో దించి, ఒకటిగా కూర్చి, మళ్లీ ఎక్కించి మిల్లుకు పంపుతారు. ఆ యార్డు పేరు కంపోజిటర్. విండోస్‌లో విస్టాతో వచ్చింది, విండోస్ 8 నుంచి ఆపడానికే వీల్లేదు. మన బొమ్మను ఒకసారి చదవాలి, ఒకసారి రాయాలి, సెకనుకు 60 సార్లు: దాదాపు 100 కోట్ల బైట్ల అదనపు మోత. సొంత మెమరీ ఉన్న పెద్ద కార్డుకు ఇది పెద్ద బరువేం కాదు. కానీ ర్యామ్‌నే పంచుకునే చవక ల్యాప్‌టాప్ చిప్‌కు బరువే, దానికి తోడు యార్డులో ఒక ఫ్రేమ్ ఆలస్యం కూడా కావచ్చు.

తెర మొత్తం ఒకే రైతుదైతే యార్డు ఎందుకు? నేరుగా మిల్లుకే పంపొచ్చు. ఫుల్‌స్క్రీన్ అసలు లాభం ఇది. కాకపోతే షరతులున్నాయి: బొమ్మ కొలత తెర కొలతతో సరిపోవాలి, రంగుల ఫార్మాట్ మానిటర్ చదవగలిగేది కావాలి, పైన ఇంకేదీ కనిపించకూడదు. మూలన ఒక్క నోటిఫికేషన్ వచ్చిందంటే చాలాసార్లు మొత్తం సరుకు మళ్లీ యార్డుకు మళ్లుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లకు చెప్తున్నా: విండోస్‌లో డీఎక్స్‌జీఐ ఫ్లిప్ మోడల్ స్వాప్‌చెయిన్ (ట్రక్కుల వరస) వాడండి, కాపీ చేసే పాత బ్లిట్ మోడల్ వద్దు, లినక్స్‌లో విండోలను చూపించే వ్యవస్థ ఎక్స్11 అయితే కంపోజిటర్‌ని తప్పించమని విండోకు సూచన పెట్టొచ్చు, వేలాండ్ అయితే డైరెక్ట్ స్కానవుట్‌ను, అంటే నేరుగా మిల్లుకు పంపడాన్ని, కంపోజిటరే చూసుకుంటుంది.

నాకు బాధ కలిగించే విషయం ఒకటి చెప్పాలి. టర్బో సీ అనే పాత ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫిక్స్ ల్యాబ్ చేసిన వాళ్లందరికీ గీత గీసే బ్రెసెన్‌హామ్ పద్ధతి బట్టీ వచ్చు. ఆ టర్బో సీ గ్రాఫిక్స్ లైబ్రరీలోనే సెట్‌యాక్టివ్‌పేజ్, సెట్‌విజువల్‌పేజ్ అని రెండు ఫంక్షన్లున్నాయి, 640×350 మోడ్‌లో రెండు పేజీలు దొరుకుతాయి. ఒకదాంట్లో గీస్తూ ఇంకోటి చూపించడమే, అంటే రెండు ట్రక్కులే! మాకు ఎవరూ చెప్పలేదు. బంతి గీయడం, చెరపడం, మినుకుమినుకుమనే బొమ్మకు మార్కులు వేయించుకోవడం, అంతే.

ఇక డెస్క్‌టాప్ మీద కుడి క్లిక్ చేసి రిఫ్రెష్, రిఫ్రెష్ అని నొక్కుతుంటారు చూడండి, పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని వెళ్లినట్టు. అది ఐకాన్లను మళ్లీ గీస్తుంది, గేమ్ వేగానికి దానితో ఏ సంబంధమూ లేదు. మావాడు కూడా నొక్కుతున్నాడు. వాడితో మాన్పించి ఒక పరీక్ష చేయించాను: గేమ్‌లో రిజల్యూషన్, అంటే చుక్కల సంఖ్య, బాగా తగ్గించి చూడు, వేగం పెరిగితే బరువు గ్రాఫిక్స్ చిప్ మీద ఉన్నట్టు, పెరగకపోతే ప్రాసెసర్ మీద ఉన్నట్టు. పెరిగింది. అప్పుడు రెండర్ స్కేల్, అంటే గేమ్ బొమ్మను తెర కొలతలో ఎన్నో వంతుకు గీయాలనేది, 75 శాతానికి పెట్టాం. 1440×810 అంటే చుక్కలు 56 శాతానికి పడిపోతాయి. ఆ బొమ్మను తెర సైజుకు సాగదీసుకుంటుంది, అక్షరాలు, మెనూలు మాత్రం పూర్తి సైజులోనే గీస్తుంది. నోటిఫికేషన్లు ఆపేశాం. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఒకే స్టిక్ ఉంది, రెండో స్లాట్ ఖాళీ. రెండో స్టిక్ వేస్తే మెమరీకి పోయే దారి రెండింతలు వెడల్పవుతుంది, ఇలాంటి చిప్‌లకు అంతకన్నా మంచి ఖర్చు లేదని నా అభిప్రాయం.

సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) చూడడం మానేసి, ఒక్కో ఫ్రేమ్‌కి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో గ్రాఫ్ పెట్టుకోమన్నాను. సాయంత్రం దాకా వాడు ఆట మర్చిపోయి ఆ గీతనే చూస్తూ, అది 16.67 దాటినప్పుడల్లా "మామా, గేటు తప్పింది" అని అరుస్తూ కూర్చున్నాడు.